చోక్ వేస్తేనే నడిచే ఇంజన్ ఏం చెప్తోంది?



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. పత్తిలో, మిరపలో, కూరగాయల్లో పెట్రోల్ పవర్ వీడర్ తిప్పేవాళ్లు తీరిగ్గా చదవండి. వీడర్ లేకపోయినా పెట్రోల్ నీళ్ల మోటరు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది, లోపల ఇంజన్ దాదాపు ఒకటే రకం. డీజిల్ వీడర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది వేరే కథ, వాళ్లకు కార్బొరేటర్ గోల లేదు.

మా ఊళ్లో నాకు అక్క వరుసయ్యే ఆమెకు మూడెకరాల పత్తి ఉంది. రెండేళ్ల కింద సంఘం లోన్ మీద 7 హెచ్‌పీ పెట్రోల్ వీడర్ తీసుకుంది. కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి. ఈసారి విత్తనం పడ్డాక ముసురు పట్టి వదల్లేదు. పత్తి 25 రోజుల మొక్క అయ్యేసరికి గడ్డి దాన్ని మించిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు తెరిపి ఇచ్చింది, నల్లరేగడి పదునుకొచ్చింది. వీడర్ తిప్పాలంటే అదే అదును. మళ్లీ వాన పడితే వారం దాకా చేన్లో కాలు పెట్టలేం.

సరిగ్గా అప్పుడే మిషన్ మొరాయించింది. చోక్ వేసి తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. చోక్ తీస్తే బుర్రు బుర్రుమని లేస్తూ పడుతూ ఉంటుంది. బ్లేడ్లు నేలకు ఆనగానే టుక్కుమని ఆగిపోతుంది. మండలంలో మెకానిక్‌కు చూపించారు. రెండుసార్లు తాడు లాగి చూసి, "బోరు పోయింది. పిస్టన్, రింగులు ఎయ్యాలె. ఏడెనిమిది వేలు అయితది, వారం పడ్తది" అన్నాడట. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, సీజన్‌లో ఆ షెడ్డు ముందు ఇరవై మిషన్లు వరసలో ఉంటాయి. కానీ పక్క ఊరాయన ఒకరు ఆ మాట విని, ఉన్నదున్నట్టు ఆరు వేలకు అడిగాడు. ముప్పై ఎనిమిది వేలు పెట్టి కొన్న మిషన్!

"సాయంత్రం బండి పంపిస్తనన్నడు తమ్మీ. ఇచ్చేద్దునా?" అని అక్క అడిగింది. కూలీల లెక్క అప్పటికే వేళ్ల మీద వేసుకుంది. ఎకరాకు ఎనిమిది మంది చొప్పున మూడెకరాలకు 24 మంది. మా దగ్గర కలుపు కూలి ఇప్పుడు 400. ఒక్క తడవకు 9,600. వీడర్ తిరిగితే సాళ్ల మధ్య అది చూసుకుంటుంది, మొక్కల మధ్య తీయడానికి ఎకరాకు ఇద్దరు చాలు.

"బండి రానీ అక్కా, ఇచ్చుడు ఇయ్యకపోవుడు తర్వాత. ముందు ఒక్క గంట దాన్ని చూడనీ" అన్నాను. నాకు నమ్మకం కలిగించింది ఒకే ఒక్క సంగతి: చోక్ వేస్తే నడుస్తోంది.

దీని అర్థం చాలామందికి తెలియదు, అందుకే విడమరిచి చెప్తాను. పెట్రోల్ ఇంజన్‌కు మూడు కావాలి. గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో కలవాలి, సరైన సమయానికి నిప్పు పడాలి, లోపల ఒత్తిడి నిలబడాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14 నుంచి 15 పాళ్లు గాలి. చోక్ చేసే పని గాలి దారి మూయడం. గాలి దారి మూసుకుంటే ఇంజన్ గుంజుడు బలం పెట్రోల్ మీద పడి, అది ఎక్కువగా వస్తుంది. వేడెక్కిన ఇంజన్ కూడా చోక్ ఉంటేనే నడుస్తోందంటే దాని భాషలో ఒకటే మాట: నాకు పెట్రోల్ సరిపోవట్లేదు, లేదా ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోంది. బోరు అరిగిన ఇంజన్‌కు చోక్ వేస్తే అరిగిన బోరు పూడదు కదా.

అయినా మెకానిక్ మాటను ఊరికే కొట్టిపారేయకూడదని ముందు బోరు సంగతే చూశాం. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ గీత దగ్గరే ఉంది. "ఆయిల్ ఎన్నిసార్లు పోసినవ్ అక్కా?" అంటే పోయినేడు మార్చినప్పుడు పోసిందే అంది. సైలెన్సర్ పొగలో నీలం రంగు లేదు. రింగులు పోతే ఆయిల్ మండి నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతూ పోతుంది. తాడు మెల్లగా లాగితే ఒక చోట చేతికి గట్టిగా అడ్డం తగులుతోంది. ఒక జాగ్రత్త చెప్తాను: కొన్ని ఇంజన్లలో తాడు తేలిగ్గా రావడానికి లోపల ఒత్తిడి వదిలే ఏర్పాటు ఉంటుంది. అట్లాంటి వాటిలో తాడు మెత్తగా వచ్చినంత మాత్రాన బోరు పోయినట్టు కాదు. మెకానిక్ రెండుసార్లు తాడు లాగి తేల్చడం అందుకే నాకు నచ్చలేదు.

బోరు పక్కకు పెట్టి పెట్రోల్ వెంట పడ్డాం. ట్యాంకు నుంచి జెట్ దాకా అది వచ్చే దారిలోనే నడవాలి, మధ్యలోంచి మొదలుపెట్టొద్దు. ఇంజన్ చల్లారాక, చెట్టు నీడన, బీడీ కాల్చేవాళ్లను దూరం పంపి, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక తెల్ల ప్లాస్టిక్ సీసాలోకి పెట్టి కాక్ తిప్పాం. ధార కట్టాలి. మాకు సన్నటి తీగలా వచ్చి చుక్కలు పడింది. ట్యాంకు అడుగు జాలీలో చెత్త పట్టిందని అర్థమైంది. మిగతాది ట్యాంకు మూతి నుంచి పంపుతో తీసి అదే సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా పెట్టాం. అడుగున వేలెడు మందాన వేరే పొర తేరింది. పైనున్న పెట్రోల్ రంగు వేరు, దాని రంగు వేరు.

"నీళ్లు కలిపి పోసిన్రా బంకోళ్లు?" అని అక్క మండిపడింది. కాదు. పోయినేడు సెప్టెంబర్‌లో తిప్పి, ట్యాంకులో సగం పెట్రోల్ ఉండగానే కొట్టంలో పెట్టారు. తొమ్మిది నెలలు అట్లాగే ఉంది. ఈ ఏడు దాని మీదనే కొత్తది పోశారు.

ఇక్కడ పెట్రోల్ గురించి నాలుగు మాటలు. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలైంది. 2022కి 10 శాతం అయింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోల్ బంకుల్లోకి రావడం మొదలై, 2025కి దేశమంతా అదే అయింది. ముందు 2030కి అనుకున్న లక్ష్యం ఇది, ముందుకు జరిపారు. ఆ ఇథనాల్ చెరకు నుంచి, మక్కజొన్న నుంచి, బియ్యం నుంచి వస్తుంది. అంటే మనం అమ్మిన మక్కలే తిరిగి మన ట్యాంకులోకి వస్తున్నాయన్నమాట. మక్కకు గిరాకీ పెరిగితే రైతుగా నాకు సంతోషమే, దాన్ని తిట్టను. కానీ ఇథనాల్‌కు ఒక గుణం ఉంది: నీటిని పీల్చుకుంటుంది. గాలిలో తేమనూ వదలదు. రోజూ తిరిగే బైకులో ఇది సమస్య కాదు, వారంలో పెట్రోల్ అయిపోతుంది, కొత్తది పోస్తాం. ఏడాదిలో రెండు నెలలు నడిచి పది నెలలు మూలన పడుండే వీడర్‌లో మాత్రం సమస్యే. నీళ్లు అది మోయగలిగిన దానికంటే ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోల్‌ను విడిచి అడుగుకు దిగుతాయి. పెట్రోల్ తీసుకునే రంధ్రం ఉండేదీ అడుగునే. పైగా కొట్టంలో రేకు చిల్లులోంచి మిషన్ మీద చుక్కలు పడుతున్నట్టు మరకలే చెప్తున్నాయి.

ట్యాంకు విప్పి జాలీ కడిగి, ఆరబెట్టి, కొత్త పెట్రోల్ ఒక్క లీటరు పోశాం. పాతదాన్ని చేన్లో గానీ బావి దగ్గర గానీ పారబోయలేదు. డబ్బాలో మూతబెట్టి తుప్పు నట్లు కడగడానికి పెట్టుకున్నాను.

ఇప్పుడు కార్బొరేటర్. దాని కింద చిన్న గిన్నె ఉంటుంది, ఒకే బోల్టుతో పట్టి ఉంటుంది, మా దానికి 10 నంబర్ స్పానర్ పట్టింది. కాక్ మూసి, కింద గుడ్డ పెట్టి విప్పండి. గిన్నె చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది, అది సాగినా చిరిగినా తర్వాత పెట్రోల్ కారుతుంది. గిన్నె విప్పగానే అసలు దొంగ దొరికాడు. అడుగున ఆకుపచ్చగా, జిగటగా, గంజి మీద మీగడలాగా పేరుకుని ఉంది. మధ్యలో నిలబడ్డ ఇత్తడి గొట్టంలోపల ఉంటుంది మెయిన్ జెట్. స్క్రూడ్రైవర్ మొన దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఇత్తడి మెత్తన, చిన్న మొనతో తిప్పితే గాడి చెడిపోయి ఇక రాదు. తీసి సూర్యుడికెదురుగా పట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క కనపడాలి. మాకు అసలు వెలుగే కనిపించలేదు.

జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కంటే సన్నం. ఆ కొలత మీదే మొత్తం ఇంజన్ ఆధారపడి ఉంటుంది. దబ్బనం, గుండుసూది, సైకిల్ పుల్ల ఏదీ గుచ్చొద్దు. వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోల్ ఎక్కువైపోయి నల్లపొగ మొదలవుతుంది. కరెంటు వైరు తొక్క తీస్తే లోపల సన్నటి రాగి పోగులు ఉంటాయి, ఒక్క పోగు తీసుకుని మెల్లగా దూర్చండి. రాగి ఇత్తడిని గీకదు. కార్బొరేటర్ క్లీనర్ డబ్బా ఉంటే కొట్టండి, కళ్లకు పడకుండా చూసుకోండి. మేము సైకిల్ పంపుతో గాలి కొట్టాం. జెట్ పైన ఇంకో సన్న గొట్టం ఉంటుంది, పక్కల చిన్న చిన్న చిల్లులతో. దాన్ని చాలామంది మరిచిపోతారు. అదీ తీసి ప్రతి చిల్లూ చూడాలి.

బిగించి తాడు లాగితే రెండో గుంజుకే అందుకుంది. చోక్ తీసినా ఆగలేదు. రేజ్ చేస్తే గుంజుతోంది. అక్క మొహం విప్పారింది. కానీ రేజ్ తగ్గిస్తే మళ్లీ అదే ఊగుడు, బుర్రు... బుర్రు... బుర్రు.

ఆ ఊగుడు ఎందుకొస్తుందో చెప్తాను. ఈ ఇంజన్లలో గవర్నర్ ఉంటుంది. స్పీడు పడిపోతే అది థ్రాటిల్ తెరుస్తుంది, ఎక్కువైతే మూస్తుంది. పెట్రోల్ సరిపోనప్పుడు స్పీడు పడిపోతుంది, గవర్నర్ తెరుస్తుంది, ఎగిరి లేస్తుంది, మూస్తుంది, మళ్లీ పడిపోతుంది. గవర్నర్ తన పని తాను చేస్తోంది. చాలా చోట్ల ఇది చూసి గవర్నర్ స్ప్రింగును లాగి కట్టేస్తారు, నట్టు తిప్పేస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఈ ఇంజన్లు మామూలుగా నిమిషానికి 3,600 చుట్లకు అటూ ఇటూగా ఆగేట్టు కడతారు. గవర్నర్‌ను చెడగొట్టి అంతకు మించి తిప్పితే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ గోడ చీల్చుకుని బయటకొస్తుంది. అప్పుడు నిజంగానే ఆరు వేలకు అమ్ముకోవాలి.

రేజ్ తగ్గించినప్పుడు పెట్రోల్ ఇచ్చేది మెయిన్ జెట్ కాదు, పైలట్ జెట్. మా దాంట్లో అది కార్బొరేటర్ పైన, ఐడిల్ స్క్రూ కింద ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క. ముందు ఆ స్క్రూ ఎన్ని చుట్లు బిగించి ఉందో లెక్కపెట్టుకుని తీశాం, మళ్లీ అన్ని చుట్లే బిగించాలి. పైలట్ జెట్ రంధ్రం మెయిన్ జెట్ కంటే ఇంకా సన్నం. రాగిపోగు కూడా కష్టంగా పట్టింది. కడిగి పెట్టాక ఊగుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పుడు దొంగగాలి సంగతి చూశాం. కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఒక నల్ల దిమ్మ, దానికి ఇరుపక్కలా ప్యాకింగులు ఉంటాయి. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకుల మీద నాలుగు చుక్కలు సబ్బునీళ్లు వేశాం. శబ్దం మారింది. మారిందంటే అక్కడ గాలి గుంజుతోందని. ప్యాకింగ్ ఒక మూల చిరిగి ఉంది. బైకు మీద వెళ్లి కొత్త జత తెచ్చాను, 60 రూపాయలు. వేశాక ఇంజన్ కుట్టు మిషన్‌లా ఒకే తీరుగా నడిచింది.

ఇంతలో ఆరు వేల బండి రానే వచ్చింది. డ్రైవర్ దిగి ఇంజన్ శబ్దం విని, ఎవరికో ఫోన్ చేసుకుని వెనక్కి తిప్పుకున్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. చేన్లో దింపితే పావుగంట శుభ్రంగా తిరిగి, మెల్లగా నీరసించి ఆగిపోయింది. ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్, మళ్లీ పావుగంట. ఇట్లా గడియారం చూసినట్టు ఆగితే ముందు ట్యాంకు మూత వదులు చేయండి. మూతలో గాలి పోయే సన్నటి దారి ఉంటుంది. పెట్రోల్ కిందికి దిగుతుంటే దాని చోటులోకి గాలి రావాలి. లోటా బోర్లిస్తే నీళ్లు గుటగుట ఆగినట్టే ఇక్కడా ఆగిపోతుంది. మూత తిప్పగానే సుయ్‌మని శబ్దం వచ్చింది. మన్ను పట్టి మూసుకుపోయింది. కడిగి పెట్టాం, అంతే. రెండో రోజు మధ్యాహ్నానికి మూడెకరాలూ అయిపోయాయి. ఆ రాత్రే వాన దంచింది.

అక్క మిషన్‌లో లేనివి, మీ వాటిలో ఉండగలిగేవి కొన్ని చెప్తాను. నల్లపొగ వస్తూ పెట్రోల్ వాసన ఘాటుగా ఉంటే లెక్క తారుమారు అన్నమాట, పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. దుమ్ములో తిరిగే మిషన్‌కు ఫిల్టర్ మట్టిముద్ద అయిపోతుంది. స్పాంజి రకమైతే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, చుక్క ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టాలి. కాగితం రకమైతే కడగొద్దు, దులపండి, లేదా మార్చండి. ఫిల్టర్ లేకుండా మాత్రం చేన్లో తిప్పొద్దు, బోరు నిజంగా పోయేది అప్పుడే.

ప్లగ్గు తీసి చూస్తే ఇంజన్ జాతకం తెలుస్తుంది. ఇటుకపొడి రంగులో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా మాడినట్టు ఉంటే తక్కువ. అక్కది తెల్లగానే ఉంది. మా మాన్యువల్‌లో ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లని ఉంది.

ఏమీ లేకుండా ఠక్కున నిప్పు ఆగిపోతే, అందులోనూ మిషన్ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆగితే, ఆయిల్ చూడండి. కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే తనంతట తానే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని చాలామంది వైరు కోసి పారేస్తారు. అది మిమ్మల్ని కాపాడే వైరు.

ఒక్కోసారి ఇంజన్‌లో ఏ తప్పూ ఉండదు. బ్లేడ్ల ఇరుసుకు గడ్డి, డ్రిప్ పైపు ముక్క, పాత చీర పేలిక చుట్టుకుని బిగుసుకుంటే ఇంజన్ గుంజలేక ఆగుతుంది. అక్కడ చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు క్యాప్ ఊడదీయండి. ఇంజన్ ఆపాం కదా అనుకోవద్దు, బ్లేడు తిప్పితే ఇంజన్ తిరుగుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మిషన్‌ను వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేట్టు వంచండి. కిందికి వంచితే ఆయిల్, పెట్రోల్ ఫిల్టర్‌లోకి దిగి అదో కొత్త తలనొప్పి.

అక్క ఇంజన్ వేడి మీద ఆపితే తిరిగి అందుకోవడానికి ఇప్పటికీ నాలుగైదు గుంజుళ్లు పడుతోంది. వాల్వు సందు దగ్గరపడిందని నా అనుమానం. మా మాన్యువల్ ప్రకారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి వాల్వుకు 0.15, పొగ వాల్వుకు 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ ఇంజన్ కొలత మీ పుస్తకంలోదే తీసుకోండి. ఫీలర్ గేజ్ కావాలి, తీరిక కావాలి. పత్తి గుంట్ల మధ్య కొమ్మలు కమ్ముకున్నాక, వీడర్ పని లేనప్పుడు చూద్దామన్నాం.

రెండు స్ట్రోకుల స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట. వాటిల్లో పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుతాం, చాలా వాటిలో కార్బొరేటర్ రకం వేరే. గిన్నె ఉండదు, లోపల సన్నటి రబ్బరు పొర ఉంటుంది. పాత పెట్రోల్‌కు అది బిరుసెక్కుతుంది. వెతికే పద్ధతి ఇదే అయినా, విప్పే తీరు ఇది కాదు.

ఇక దాచిపెట్టడం. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేయండి. తర్వాత కాక్ మూసేసి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి, గిన్నెలోది కూడా అయిపోతుంది. గిన్నె కింద వదిలే స్క్రూ ఉంటే మిగిలిన నాలుగు చుక్కలూ వదలండి. ప్లగ్గు తీసి రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, రెండుసార్లు తాడు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి, బోరు తుప్పు పట్టదు. తాడు గట్టిగా తగిలే చోట ఆపి వదిలేస్తే వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. మిషన్‌ను ఇటుకల మీద, రేకు కారని చోట పెట్టండి. వచ్చే జూన్‌లో పెట్రోల్ కొనేటప్పుడు వారానికి సరిపడా మాత్రమే కొనండి. డబ్బా మీద తెచ్చిన తేదీ రాసిపెట్టండి. అక్క దాని మీద సుద్దతో రాస్తే చెరిగిపోతోందని మొన్న మనవరాలి స్కెచ్ పెన్ను లాక్కుంది.